ఐసు ఫ్యాక్టరీలో తట్టేవాడు

చీకటి పడ్డాక ఐసు ఫ్యాక్టరీ సందులోకి ఎవరూ వెళ్ళరు.

వెళ్ళరంటే వెళ్ళరు. ఆ సందులోంచి పోతే లారీల అడ్డాకి ఐదు నిమిషాలు. మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగితే ఇరవై. అయినా అందరూ చుట్టే తిరుగుతారు. పాల వ్యాను అతను తిరుగుతాడు. డ్యూటీ దిగిన నర్సులు తిరుగుతారు. తాగి తూలేవాడు కూడా ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి మత్తు దిగి, బుద్ధిమంతుడిలా మెయిన్ రోడ్డు పడతాడు.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. పైన రేకులు ఊడిపోయాయి, మిషన్లు ఎవరో విప్పుకుపోయారు. వెనకవైపు చల్లగది మాత్రం అలాగే ఉంది. ఐసు దిమ్మలు పేర్చే గది. మందపాటి గోడలు, ఇనప తలుపు, కిటికీ లేదు.

ఆ గదిలోంచి తడతాడు.

ఎవరని అడిగితే అందరిదీ ఒకటే కథ. ఎప్పుడో ఒక కూలీ లోపల దిమ్మలు పేరుస్తుంటే చూసుకోకుండా బయట గడియ పెట్టేశారట. మర్నాడు తీస్తే తలుపుకి ఆనుకుని, చెయ్యి పైకెత్తి, తడుతున్నట్టే బిగుసుకుపోయి ఉన్నాడట. అప్పట్నుంచీ తడుతూనే ఉన్నాడు. అరవడు, ఏడవడు, పేరు పెట్టి పిలవడు... తట్టడం ఒక్కటే.

టక్... టక్... టక్...

కొన్ని రాత్రులు వరసగా వినిపిస్తుంది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతుంది. "ఈసారికి శాంతించాడు" అనుకుంటారు జనం. మళ్ళీ ఏ నాలుగు నెలలకో మొదలు.

ఈ కథ అందరికంటే బాగా చెప్పేది మా బావ.

బావంటే మా అక్క మొగుడు. పోలీసు, హెడ్ కానిస్టేబులు. ఆ బిగుసుకుపోయిన చెయ్యి ఎలా ఉందో తన చెయ్యెత్తి చూపించేవాడు. పిల్లలు కెవ్వుమనేవాళ్ళు. "ఏంటి బావా, నువ్వు చూశావా?" అని నేను నవ్వితే, "చూసినవాడు చెప్పాడే మరదలా" అనేవాడు. ఎవరు చెప్పారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నాకు బట్టలుతికి ఇస్త్రీ చేసే షాపుంది. స్టేషన్లో సగం మంది యూనిఫాంలు నా దగ్గరికే వస్తాయి. ఒకళ్ళ మురికి ఒకళ్ళకి తెలియదేమోగానీ, నాకు అందరిదీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే బావ వచ్చాడు. యూనిఫాం ఉండచుట్టి బల్ల మీద పడేశాడు.

"ఉతకాలా?"

"వద్దు. పారెయ్."

అని, స్టూలు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ పెట్టె చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పిందే నేను చెబుతున్నాను.

బావది నైట్ జీపు డ్యూటీ. జీపు నడిపేది ఇంకో కానిస్టేబులు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ నిమ్మళం అంటారు. కొంప మునుగుతున్నా "నిమ్మళంగా అన్నా, నిమ్మళంగా" అంటాడు మరి. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే జీపులో తిరిగారు. మా అక్కకి నొప్పులొచ్చిన రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్ళింది నిమ్మళమే. పుట్టిన పిల్లకి సైకిలు నేర్పిందీ వాడే. బావ మా అక్క పక్కన పడుకున్న రాత్రులకన్నా వాడి పక్క సీట్లో కూర్చున్న రాత్రులే ఎక్కువ.

లారీల అడ్డా తెల్లచెప్పులాయనది. ఆయన పేరు ఎవరూ గట్టిగా అనరు. వానొచ్చినా బురదొచ్చినా కాళ్ళకి తెల్లచెప్పులే, వాటి మీద మరక ఉండదు. మరకలయ్యే పనులన్నీ మనుషుల చేత చేయిస్తాడు. అడ్డాలో ఏ లారీ కదలాలన్నా ఆయన ఊ అనాలి. ఆయన స్టేషన్‌కి వస్తే ఇన్‌స్పెక్టరు లేచి నిలబడతాడు. కుర్చీ తుడవడానికి మనిషి కావాలి.

"ఆ కుర్చీ నా సొంత జేబురుమాలుతో తుడిచాను మరదలా. ఒకసారి కాదు."

అది చెప్పేటప్పుడు బావ నా ముఖం చూడలేదు.

అడ్డా కోసం ఇంకో ముఠా కాచుకుని ఉంది. ఆ తగాదాలో ఒక క్లీనరుని, ఇరవై రెండేళ్ళవాణ్ణి, పట్టపగలు లారీలు తూచే కాటా మీదే రాడ్లతో కొట్టి చంపేశారు. చుట్టూ యాభై మంది ఉన్నారు. ఒక్కరూ చూడలేదట. ఒకడు బీడీ ముట్టించుకుంటున్నాడు, ఒకడు టైరు చూసుకుంటున్నాడు, ఒకడికి సరిగ్గా అప్పుడే కంట్లో నలక పడింది.

చూశానన్నది ఒక్కడే. కాటా గుమస్తా.

సన్నటి మనిషి, ఉబ్బసం. గాజు కిటికీ వెనక కూర్చుని బరువులు రాసుకునేవాడు. తనంతట తనే స్టేషన్‌కి వచ్చాడు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఎవరు ముందు కొట్టారు, ఎవరు కాళ్ళు పట్టుకున్నారు, అన్నీ చెప్పాడు. రాసుకుంది మా బావ.

సంతకం పెట్టబోతూ పెన్ను ఆపి అడిగాడట.

"ఇది ఎవరెవరు చదువుతారు సార్?"

"మా ఇన్‌స్పెక్టరు గారు. తర్వాత కోర్టు. అంతే" అన్నాడు బావ.

గుమస్తా సంతకం పెట్టాడు.

పొద్దున ఆ కాగితం ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి వెళ్ళింది. మధ్యాహ్నం తెల్లచెప్పులాయన వచ్చి టీ తాగి వెళ్ళాడు. రాత్రికి గుమస్తా ఇంటికి చేరలేదు.

బావకి అర్థం కాలేదా? అయింది. గ్లాసులు తీస్తున్నప్పుడే అయింది. అయినా ఏం చేశాడు? ఏమీ చెయ్యలేదు. గ్లాసులు కడిగి బోర్లించి జీపెక్కాడు.

గుమస్తా భార్య రోజూ వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చునేది. ఏడ్చేది కాదు. మూడోరోజు సాయంత్రం ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి, నలుగురూ వినేలా అన్నాడు —

"ఇంకా ఇక్కడే ఉన్నావా? ఎవత్తెనో తీసుకుని పోయుంటాడు. మోజు తీరాక అతనే వస్తాడు, ఇంటికెళ్ళు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. బావ కూడా పెదవి సాగదీశాడు. ఇన్‌స్పెక్టరు నవ్వితే నవ్వడం అలవాటైపోయింది, నవ్వింది తెలిసేలోపే అయిపోతుంది. ఆవిడ ఆ నవ్వుని చూసింది. చూసి, లేచి తిన్నగా బావ దగ్గరికే వచ్చింది. సంచీలోంచి ఉబ్బసం మందు తీసింది... నోట్లో పెట్టుకుని పీల్చేది ఉంటుందే, అది.

"ఆయన దగ్గరున్నది అయిపోయి ఉంటుంది. మీరు రాత్రుళ్ళు తిరుగుతారట కదా అన్నా. కనబడితే ఇవ్వండి."

బావ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "అలాగేనమ్మా" అన్నాడు. ఆ రెండు ముక్కలూ నోట్లో చేదుగా తగిలాయట.

ఆ రాత్రి...

ఒంటిగంట దాటింది. సన్నగా తుంపర. జీపు అద్దం మీద వైపరు ఒకటే పనిచేస్తోంది, అది కూడా నిమ్మళం వైపుది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. పదకొండేళ్ళలో మాటల్లేని రాత్రులు చాలా ఉన్నాయి. ఆ రాత్రి మాత్రం మాటల్లేకపోవడం వేరుగా ఉందట.

ఐసు ఫ్యాక్టరీ మలుపు వచ్చింది. రోజూ అక్కడ నిమ్మళం గేరు మార్చి వేగం పెంచుతాడు. అటువైపు వెళ్ళొద్దని ఇన్‌స్పెక్టరు ఎప్పుడో చెప్పాడు — గుంతల్లో జీపు పాడైపోతుందని. నిమ్మళం గేరు మీద చెయ్యి వేశాడు.

"ఆపు" అన్నాడు బావ.

"ఇక్కడా?"

"వస్తుంది... ఆగలేను. ఆపు."

జీపు ఆగింది. బావ దిగి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఇంజను ఆగిపోయేసరికి తుంపర చప్పుడు వినబడసాగింది. దాని వెనక ఇంకొకటి...

టక్... టక్... టక్...

ఆ చప్పుడు బావ ఇంతకుముందు కూడా విన్నాడు, రెండుసార్లు. రెండుసార్లూ పరుగెత్తుకొచ్చి జీపులో పడ్డాడు. మర్నాడు దానికి రంగులద్ది అందరికీ చెప్పాడు.

ఈసారి కూడా కాళ్ళు జీపు వైపే తిరిగాయి. కానీ చెయ్యి... అనుకోకుండా చొక్కా జేబు మీద పడింది. లోపల ఉబ్బసం మందు తగిలింది.

అక్కడే నిలబడిపోయాడు.

దెయ్యమంటే గోడల్లోంచి వస్తుంది, పోతుంది. దానికి తలుపు తట్టే పనేంటి?

ఇంత చిన్న ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన బుర్రకి ఎందుకు తట్టలేదో ఆయనకి తెలియదట. టార్చి తీసుకుని సందులోకి నడిచాడు.

"అన్నా!" జీపులోంచి గుసగుస. "అన్నా, ఎక్కడికి? అది ఉంది కదా అక్కడ..."

బావ వెనక్కి తిరగలేదు.

సందు నిండా గాజుపెంకులు, తడిసిన అట్టలు. గోడల్లో ఇంకిపోయిన అమోనియా వాసన, ముక్కు లోపల గుచ్చుకునే వాసన. దానికి తోడు ఇంకేదో కుళ్ళు. నడుస్తూ నడుస్తూ టార్చి నేల మీద వేశాడు. బురదలో టైరు అచ్చులు. కొత్తవి. ఎవరూ రాని సందులో అన్ని అచ్చులు.

ఇనప తలుపు వచ్చింది. నిలువునా తుప్పు పట్టింది, చెయ్యేస్తే పొడి రాలుతోంది. తాళం మాత్రం... కొత్తది. నూనె పెట్టి ఉంది. టార్చి వెలుగులో తళతళమంది.

టక్... టక్... టక్...

తలుపు మీద కాదు. కింద, గోడలోంచి బయటికొచ్చే ఇనప గొట్టం ఉంది, కరిగిన నీళ్ళు పోవడానికి. చప్పుడు దాంట్లోంచి వస్తోంది.

బావ బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి వెనకవైపుతో గొట్టం మీద రెండుసార్లు కొట్టాడు.

లోపల చప్పుడు ఆగింది.

ఒక క్షణం... రెండు క్షణాలు...

టక్... టక్.

రెండే.

బావ మూడు కొట్టాడు. లోపల్నుంచి మూడు వచ్చాయి.

అప్పుడు వాంతి చేసుకున్నాడట. అక్కడే, ఆ గోడ పక్కనే. భయంతో కాదు. "కొన్నాళ్ళు తట్టి ఆగిపోతుంది" అని తను ఎన్నిసార్లు చెప్పాడో, ఎంత రసవత్తరంగా చెప్పాడో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆగిపోయిందంటే ఏమిటో... అప్పుడు తెలిసింది. శాంతించాడట! ఎంతమంది శాంతించారో. తన కథ విని ఎంతమంది ఈ సందులోకి రావడం మానేశారో.

"రాడ్డు తీసుకురా!" అని అరిచాడు. "టైరు రాడ్డు! తొందరగా!"

నిమ్మళం వచ్చాడు. నింపాదిగా వచ్చాడు. చేతిలో రాడ్డు లేదు.

"అన్నా, నీకు దండం పెడతాను. పోదాం పద."

"లోపల మనిషున్నాడ్రా!"

తుంపర నిమ్మళం ముఖం మీద పడుతోంది, తుడుచుకోవడం లేదు.

"వినబడిందా? మనిషి... గుమస్తా! రాడ్డేదీ?"

"రాడ్డుతో రాదన్నా" అన్నాడు నిమ్మళం, చాలా మెల్లగా. "గట్టి తాళం."

జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. బావ ఆ గుత్తిని పదకొండేళ్ళుగా చూస్తున్నాడు. జీపుది, నిమ్మళం ఇంటిది, వాళ్ళ బీరువాది. వాటి మధ్యలోంచి ఇంకో చెవి పట్టుకుని తాళంలో పెట్టాడు.

తిప్పాడు. తాళం ఊడొచ్చింది.

బావకి కాసేపు ఏమీ వినబడలేదట. తుంపర కూడా.

"నేను తాళం వేస్తాను, తీస్తాను. అంతే అన్నా" అంటున్నాడు నిమ్మళం. "లోపల ఏం చేస్తారో నేనెప్పుడూ చూడలేదు. ఇన్‌స్పెక్టరు గారు ఇమ్మన్నారు, ఉంచుకున్నాను. వద్దంటే మనిద్దరినీ జీపులోంచి దించేస్తారు కదా..."

మనిద్దరినీ! ఆ మాట బావ ఇంకా మర్చిపోలేదు. తన పేరు మీద కూడా పాపం కట్టుకొచ్చాడు వాడు, ఏదో టిఫినుకి ఇద్దరికీ కలిపి పొట్లం కట్టించుకొచ్చినట్టు.

కొట్టలేదు. తిట్టలేదు. "పక్కకి జరుగు" అని తలుపు లాగాడు.

లోపలి గాలి ముఖానికి కొట్టింది. ఉచ్చ, రక్తం, తడిసిన గోనె. గోడలకి లోపలంతా బెరడు చెక్కలు, వాటి మీద తారు. చల్లదనం బయటికి పోకుండా చేసిన ఏర్పాటు. చల్లదనమే కాదు, మనిషి గొంతూ పోదు. అరిచినవాళ్ళ అరుపంతా ఆ చెక్కలే మింగేశాయి. అందుకే ఈ దెయ్యానికి గొంతు లేదు.

టార్చి నాలుగు మూలలా తిప్పాడు. ఖాళీ గది. ఒక పక్కగా గోనెసంచుల మీద ఒకే ఒక్క మనిషి, ముడుచుకుని పడున్నాడు. గుమస్తా. ముఖం వాచి గుర్తుపట్టేలా లేదు. ఊపిరి పిల్లికూతలు కూస్తోంది.

బావ అతని తల ఒళ్ళో పెట్టుకుని మందు నోట్లో పెట్టి నొక్కాడు. ఒకసారి... ఇంకోసారి... మూడోసారికి ఛాతీ కదిలింది.

ఇద్దరూ కలిసే మోసుకొచ్చారు. నిమ్మళం కాళ్ళు పట్టుకున్నాడు. ఏం చెయ్యమంటారు, ఇంకో మనిషి లేడు అక్కడ.

జీపులో పడుకోబెట్టేసరికి ఎదురుగా రోడ్డు మీద ఒక కారు వచ్చి ఆగింది. లైట్లు లేవు. లోపల సిగరెట్టు నిప్పు ఒకటి కనబడుతోంది. కారు దారికి అడ్డంగా నిలబడింది, ఎవరూ దిగడం లేదు.

"వాళ్ళేనన్నా" అన్నాడు నిమ్మళం. "రోజూ ఈ టైముకి వస్తారు, వాళ్ళ దగ్గరా ఒక చెవి ఉంది... చంపేస్తారు అన్నా. మనల్ని కూడా."

బావ దగ్గర లాఠీ ఉంది, టార్చి ఉంది. నైట్ జీపుకి తుపాకి ఇవ్వడం ఇన్‌స్పెక్టరు ఎప్పుడో మాన్పించాడు.

వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. స్టేషన్‌కి కాదు, కంట్రోల్ రూముకి. అన్ని స్టేషన్లూ, అన్ని జీపులూ వినే లైనది.

"కంట్రోల్... కంట్రోల్... నైట్ జీపు."

"చెప్పండి నైట్ జీపు." ఆడగొంతు. నిద్రమత్తుగా ఉంది.

"ఐసు ఫ్యాక్టరీ చల్లగదిలో మనిషి దొరికాడు. ప్రాణంతో. లారీల కాటా గుమస్తా. హత్య కేసులో సాక్షి. కొట్టి బంధించారు. పెద్దాస్పత్రికి తీసుకొస్తున్నాను. దారికడ్డంగా కారుంది, లైట్లు లేవు..."

మాట పూర్తికాలేదు. సెట్టులో ఇంకో గొంతు దూరింది. ఇన్‌స్పెక్టరు. ఆ వేళప్పుడు ఆయన నిద్రపోవడం లేదు, సెట్టు పక్కనే ఉన్నాడు!

"ఎవడ్రా లైను మీద సోది చెబుతోంది? కంట్రోల్, అదేం రాయక్కర్లేదు. హెడ్డు తాగున్నాడు. నేను చూసుకుంటాను."

లైను మూగబోయింది. గరగర తప్ప ఏమీ లేదు.

బావ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

అప్పుడు ఆ ఆడగొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి నిద్రమత్తు లేదు.

"నైట్ జీపు, మీరు చెప్పింది తిరిగి చదువుతున్నాను, సరిచూసుకోండి. ఐసు ఫ్యాక్టరీ చల్లగది. కాటా గుమస్తా. ప్రాణంతో ఉన్నాడు. హత్య కేసులో సాక్షి. పెద్దాస్పత్రికి వస్తున్నారు. దారికి అడ్డంగా కారు. టైము ఒంటిగంట నలభై రెండు. పుస్తకంలో రాశాను. అన్ని జీపులూ... విన్నవాళ్ళు చెప్పండి."

మొదట ఒకటి. "రైల్వే గేటు జీపు, విన్నాను." తర్వాత ఇంకొకటి. "మార్కెట్ జీపు, విన్నాం. అటే వస్తున్నాం." తర్వాత బావకి తెలియని గొంతులు, ఒకదాని మీద ఒకటి.

సెట్టు పెద్దగా పెట్టి కిటికీలోంచి బయటికి పట్టుకున్నాడు బావ. సందంతా వినబడింది. కారులో సిగరెట్టు నిప్పు కిందపడి ఆరిపోయింది. ఇంజను స్టార్టయింది. వెనక్కి... వెనక్కి... మలుపు తిరిగి పోయింది.

ఆ అమ్మాయెవరో బావకి ఇప్పటికీ తెలియదు. తెలుసుకుని కృతజ్ఞత చెబుదామనుకున్నాడు, ముఖం చెల్లలేదు. తను పదకొండేళ్ళలో చెయ్యనిది ఆ పిల్ల ఒక్క నిమిషంలో చేసింది.

ఆస్పత్రిదాకా నిమ్మళమే నడిపాడు. జన్మలో హారన్ కొట్టనివాడు దారి పొడుగునా కొడుతూనే ఉన్నాడు. గుమస్తాని స్ట్రెచర్ మీదికి ఎక్కించాక తాళంచెవుల గుత్తి బావ చేతిలో పెట్టి అన్నాడు.

"మా ఇంటి చెవి తీసి మా ఆవిడకిచ్చెయ్ అన్నా."

బావ తలూపాడు. అదే చివరి మాట వాళ్ళిద్దరి మధ్య.

తర్వాత సంగతులు మీరూ పేపర్లో చూసే ఉంటారు. నిమ్మళం అంతా ఒప్పుకున్నాడు. ఆరుగురి మీద తాళం వేశాడట. ఎంతమంది నడిచి బయటికొచ్చారని అడిగితే "నేను చూడలేదు సార్" అన్నాడట, అదే నిమ్మళం గొంతుతో. ఫ్యాక్టరీ వెనక, ఐసు గడ్డకట్టించే పాత ఉప్పునీళ్ళ తొట్టి తవ్వారు. ఇద్దరు దొరికారు. మిగతావాళ్ళని వెతుకుతున్నామంటున్నారు. తెల్లచెప్పులాయన జైల్లో ఉన్నాడు, అక్కడా కుర్చీ తుడిచేవాళ్ళు దొరికారట. ఇన్‌స్పెక్టరుని మాత్రం శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. కొత్తగా చేరిన పోలీసులకి పాఠాలు చెబుతున్నాడు. నవ్వకండి, నిజమే.

నా షాపుకి వచ్చేలోపు బావ ఇంకో పని చేశాడు. కార్మికుల ఆఫీసుకెళ్ళి ఐసు ఫ్యాక్టరీ పాత రికార్డులన్నీ తీయించాడు. అక్కడ ఏ కూలీ చనిపోలేదు. గదిలో ఎవరూ ఇరుక్కోలేదు. మరి ఆ కథ ఎక్కడిది? గుర్తు తెచ్చుకుంటే తెలిసింది. ఏళ్ళ కిందట, పొద్దుటి హాజరప్పుడు ఇన్‌స్పెక్టరే సరదాగా చెప్పాడు. "ఆ సందులో ఒక దెయ్యం ఉందట్రోయ్..." అని. మిగతాదంతా — ఆ పైకెత్తిన చెయ్యీ, ఆ బిగుసుకుపోవడం — బావే కల్పించాడు.

"దెయ్యాన్ని మేమే పుట్టించాం మరదలా" అన్నాడు. "కాపలాకి కుక్కని కట్టేసినట్టు, అక్కడ కట్టేశాం."

ఆ యూనిఫాం ఇంకా బల్ల మీదే ఉంది.

"పోనీలే బావా" అన్నాను చివరికి. "ఆలస్యంగానైనా వెళ్ళావు. అతను తట్టాడు కాబట్టి నువ్వు విన్నావు. ఒక ప్రాణం దక్కింది. దెయ్యం లేదు, ఏం లేదు. ఇక నిద్రపో."

బావ నా వైపు అదోలా చూశాడు. తర్వాత, బయట ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించాడు.

"నిన్న ఆస్పత్రికి వెళ్ళాను."

గుమస్తాకి మొన్ననే మాట వచ్చిందట. బావ వెళ్ళేసరికి భార్య పక్కన కూర్చుని చెంచాతో జావ పడుతోంది. దుప్పటి మీద అతని చేతులు రెండూ ఉన్నాయి. మోచేతుల దగ్గర్నుంచి వేళ్ళ చివరిదాకా తెల్లగా కట్లు.

"మొదటి రోజే విరిచేశారంట అన్నా" అంది ఆవిడ. "వేళ్ళతో సహా. ఈయన సంతకం పెట్టారు కదా, అందుకని. మొదటి రోజే..."

బావ ఆ కట్ల వైపు చూశాడు.

"మరి... ఎలా తట్టావయ్యా?"

గుమస్తా అర్థం కానట్టు చూశాడు.

"నేనా? నేను తట్టలేదు సార్. కదల్లేకపోయాను. తట్టింది ఆయన కదా... నా పక్కన, గొట్టం దగ్గర కూర్చునేవారు. చీకట్లో ముఖం కనబడలేదు. రాత్రంతా తడుతూనే ఉండేవారు. మీరు బయట్నుంచి రెండు కొట్టారు చూడండి, అప్పుడు నా చెవి దగ్గరికి వంగి 'వచ్చారు' అన్నారు."

ఆగి, పిల్లికూతల ఊపిరి ఒకటి తీసుకుని, బావ ముఖంలోకి చూస్తూ అడిగాడట.

"ఆయన్ని ఏ వార్డులో పెట్టారు సార్?"